ఉక్రెయిన్ శరణార్థులు: ఏళ్ల తరబడి ఆగకుండానే ఆశ్రయం.. 40 లక్షల మందికి యూరప్ ఎలా చోటిచ్చింది?

2022 ఫిబ్రవరి 24న రష్యా దాడి మొదలవగానే లక్షల మంది ఉక్రెయిన్ ప్రజలు కట్టుబట్టలతో సరిహద్దులకు చేరుకున్నారు. వాళ్లలో ఎక్కువ మంది మహిళలు, పిల్లలే. 18 నుంచి 60 ఏళ్ల మగవాళ్లు దేశం దాటకుండా ఉక్రెయిన్ అప్పట్లో ఆంక్షలు పెట్టింది మరి.

పోలండ్‌లోని ప్షెమిషల్ రైల్వే స్టేషన్‌లో ఆ రోజుల్లో ప్లాట్‌ఫామ్ మీద ఖాళీ చంటిపిల్లల బండ్లు కనిపించాయి. పసిపిల్లలను ఎత్తుకుని రైలు దిగే తల్లుల కోసం వదిలి వెళ్లిన బండ్లు అవి.

ఆ జాలి సరే.. కానీ ఇన్ని లక్షల మందికి చట్టం ప్రకారం చోటెలా దొరికింది?

మామూలుగా అయితే ఒక్కొక్కరు ఆశ్రయం కోసం దరఖాస్తు పెట్టుకోవాలి. విచారణకు నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. ఇక్కడే ఓ పాత చట్టం పనికొచ్చింది. 1990లలో యుగోస్లేవియా యుద్ధాల అనుభవంతో యూరోపియన్ యూనియన్ 2001లో 'తాత్కాలిక రక్షణ' నిబంధన తెచ్చింది. ఇరవై ఏళ్లు దాన్ని ఎవరూ వాడలేదు. 2022 మార్చి 4న తొలిసారి అమల్లోకి తెచ్చారు.

దీంతో ఏం దక్కిందంటే..

- విడివిడి విచారణ లేకుండానే నివాస అనుమతి
- ఉద్యోగం చేసుకునే హక్కు
- పిల్లలకు బడి, అందరికీ వైద్యం

ఇళ్లు ఇచ్చినవాళ్లకూ సాయం అందింది. ఆశ్రయమిచ్చిన కుటుంబాలకు పోలండ్ మొదట్లో మనిషికి రోజుకు 40 జ్లోటీలు ఇచ్చింది. ఈయూలో లేని బ్రిటన్ కూడా వేరే పథకం పెట్టి నెలకు 350 పౌండ్లు చెల్లించింది. మరోవైపు ఉక్రెయిన్ దేశం నిలబడేందుకు 2024-27 కాలానికి ఈయూ 5 వేల కోట్ల యూరోలు కేటాయించింది.

ఆ సరిహద్దులు మనవాళ్లకూ తెలిసినవే. ఏపీ, తెలంగాణ మెడికల్ విద్యార్థులు ఎందరో పోలండ్, రొమేనియా, హంగరీ, స్లొవాకియాల మీదుగానే 'ఆపరేషన్ గంగ' విమానాలెక్కి ఇళ్లకు చేరారు. వాళ్లకు తిరిగి రావడానికి ఇల్లుంది. ఉక్రెయిన్ వాళ్లకు ఆ ఇంటి మీదే బాంబులు పడ్డాయి.

అయితే అసలు చిక్కు ఆ చట్టం పేరులోనే ఉంది.. తాత్కాలికం! ఏడాదికోసారి పొడిగిస్తూ వచ్చిన ఈ రక్షణ గడువును 2025లో మరోసారి పెంచి 2027 మార్చి 4గా ఖరారు చేశారు. ఆ తర్వాత స్వదేశానికి వెళ్లడమా, వేరే పర్మిట్ మీద అక్కడే ఉండటమా అన్నదానికి ఇప్పటి నుంచే సిద్ధం కావాలని సభ్య దేశాలకు ఈయూ సూచించింది. ఐదేళ్లలో అక్కడి బడి, అక్కడి భాష అలవాటైన పిల్లలకు ఇల్లంటే ఏది? ఆ ప్రశ్నకు 2001 నాటి చట్టంలో జవాబు లేదు.