వెడల్పు గీతలు చెప్పే సంగతులు

కన్యారాశిలో 3సీ 273 అనే మసక చుక్క ఉంది. ఎనిమిది అంగుళాల టెలిస్కోపులో చూస్తే మామూలు నక్షత్రమే అనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు, ఇంతేనా అనుకున్నాను. దాని కాంతిని వర్ణపటంగా విడదీస్తేనే అసలు కథ మొదలవుతుంది. అందులోని వింత గీతలు హైడ్రోజన్‌వేననీ, ఎరుపు వైపు 16 శాతం జరిగాయనీ 1963లో మార్టెన్ ష్మిట్ గుర్తుపట్టాడు. అంటే అది నక్షత్రం కాదు, దాదాపు రెండు వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న క్వేజార్, అంటే చాలా ప్రకాశవంతమైన గెలాక్సీ కేంద్రం.

నన్ను ఎక్కువగా పట్టి లాగేది ఆ గీతల వెడల్పు. క్వేజార్ కేంద్రం చుట్టూ తిరిగే వాయువులో మనవైపు వచ్చే భాగం కాంతి నీలం వైపు, దూరంగా పోయే భాగం కాంతి ఎరుపు వైపు జరుగుతాయి. రెండూ కలిసిపోయి గీత బాగా వెడల్పవుతుంది. కొలిస్తే వేగం సెకనుకు వేల కిలోమీటర్లు! అంత వేగంగా తిరిగే వాయువును పట్టి ఉంచాలంటే నడుమ భారీ కృష్ణబిలం ఉండాల్సిందే.

చాలా క్వేజార్లలో ఆక్సిజన్ గీతలు మాత్రం సన్నగా ఉంటాయి. చిక్కటి వాయువులో పరమాణువులు ఆ కాంతిని వెదజల్లేలోపే ఢీకొని ఆ శక్తిని పోగొట్టుకుంటాయి కాబట్టి, ఈ గీతలు కేంద్రానికి చాలా దూరాన ఉన్న పలచటి వాయువు నుంచి వస్తాయి. వెడల్పు వేగాన్ని, గీత రకం సాంద్రతను పట్టిస్తాయన్నమాట.

2018లో చిలీలోని నాలుగు పెద్ద టెలిస్కోపుల కాంతిని గ్రావిటీ అనే పరికరంతో కలిపి, 3సీ 273లో వెడల్పు గీతలిచ్చే వాయువు నిజంగానే తిరుగుతోందని తేల్చారు. కేంద్రం నుంచి దాని దూరం సుమారు 150 కాంతి దినాలు. కృష్ణబిలం బరువు దాదాపు 30 కోట్ల సూర్యుళ్లంత.