చిట్టా, ఆవర్జా, మధ్యలో చిక్కుకున్న స్నాప్‌షాట్

మన ఇళ్ళలో సర్వర్లు చూసే ఉద్యోగస్తులు చాలామందే ఉన్నారు. "స్నాప్‌షాట్ కన్సాలిడేట్ కాలేదు, బ్యాకప్ ఆగిపోయింది" అన్న మాట మీరూ వినే ఉంటారు. ఆ మాటకి అర్థం ఏమిటో, అప్పుడు ఏం చెయ్యాలో, ముఖ్యంగా ఏం చెయ్యకూడదో ఈవేళ చెప్తాను. నేను ఎక్కువగా పనిచేసేది వీఎంవేర్ మీద కనక ఉదాహరణలు అక్కడివే.

వర్చువల్ మెషీన్ అంటే ఒక పెద్ద యంత్రంలో అద్దెకున్న కంప్యూటరు లాంటిది. దాని హార్డ్ డిస్కు నిజానికి ఒక పెద్ద ఫైలు. కంప్యూటరు నడుస్తున్నంతసేపూ ఆ ఫైలు మారుతూనే ఉంటుంది. మారుతున్న ఫైలుని నకలు తీస్తే మొదటి సగం ఒక సమయానిది, రెండో సగం ఇంకో సమయానిది అవుతుంది. అందుకే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ముందు స్నాప్‌షాట్ అడుగుతుంది.

పాతకాలం కొట్టు లెక్కలు గుర్తు తెచ్చుకోండి. ఆడిటరు ఆవర్జా పట్టుకుని నకలు రాసుకుంటున్నాడు. అంతసేపూ కొట్టు మూసి కూర్చోలేం కదా! అందుకని ఆ కాసేపు జరిగే బేరాలన్నీ చిట్టాలో రాస్తాం. ఆడిటరు పుస్తకం తిరిగిచ్చాక గుమాస్తా చిట్టాలోని పద్దులన్నీ ఆవర్జాకి ఎక్కిస్తాడు. ఇక్కడ ఆవర్జా అంటే అసలు డిస్కు. చిట్టా అంటే డెల్టా ఫైలు, దాని పేరులో 000001 లాంటి అంకె ఉంటుంది. పద్దులు ఎక్కించడమే కన్సాలిడేషన్ అన్నమాట. మెనూలో దీనికి "డిలీట్ స్నాప్‌షాట్" అని పేరు పెట్టారు గానీ, అక్కడ జరిగేది పారెయ్యడం కాదు, కలపడం. సగం గందరగోళం ఈ పేరు వల్లే.

రెండేళ్ళ క్రితం ఒక చిన్న క్లినిక్ వాళ్ళు నన్ను పిలిచారు. రోగుల రికార్డులున్న సర్వరు బాగా నెమ్మదించింది, డిస్కుల్లో చోటు అయిపోవస్తోంది. ఫోల్డరులో చూస్తే 19 డెల్టా ఫైళ్ళు! స్నాప్‌షాట్ మేనేజరులో మాత్రం ఒక్కటీ కనిపించదు. "కనిపించట్లేదంటే అది చెత్తే, తీసేస్తే చోటు వస్తుంది" అని ఎవరో వాళ్ళకి సలహా ఇచ్చారట. తీసేసి ఉంటే 19 రోజుల వైద్యం లెక్కలు, మందుల చీటీలు, పరీక్షల ఫలితాలు అన్నీ పోయేవి. కొత్త పద్దులు ఉన్నది చిట్టాలోనే కదా! 2011లో వచ్చిన వీస్ఫియర్ 5 నుంచి "కన్సాలిడేషన్ అవసరం" అన్న హెచ్చరిక తెర మీద కనిపిస్తుంది. వాళ్ళకీ కనిపించింది, ఎవరూ పట్టించుకోలేదు.

కలపడం ఎందుకు ఆగిపోతుంది? నేను చూసినంతలో కారణాలు ముఖ్యంగా మూడు.

మొదటిది తాళం. ఆడిటరు పుస్తకం తిరిగివ్వలేదన్నమాట. హాట్ యాడ్ పద్ధతిలో బ్యాకప్ ప్రాక్సీ మెషీను అసలు డిస్కుని తనకి తగిలించుకుని చదువుతుంది. పని మధ్యలో చచ్చిపోతే ఆ డిస్కు అక్కడే వేలాడుతుంది, "ఫైలు లాక్ అయి ఉంది" అని వస్తుంది. ప్రాక్సీ సెట్టింగుల్లో తనది కాని డిస్కు ఉందేమో చూసి, దాన్ని విడదియ్యండి. విడదీసేటప్పుడు "డిస్కు నుంచి ఫైళ్ళు కూడా తీసెయ్యి" అన్నదాని జోలికి పోవద్దు. పోతే ఆవర్జానే కాల్చినట్టు.

రెండోది చోటు. డెల్టా ఫైలు పెరిగి పెరిగి అసలు డిస్కు అంత కాగలదు. కలుపుతున్నప్పుడు కూడా కొత్త పద్దులు వస్తూనే ఉంటాయి కనక కొంత ఖాళీ ఉండాలి. వేరే మెషీన్ల డిస్కులని ఇంకోచోటికి తరలించి ఖాళీ చెయ్యాలి గానీ డెల్టాల మీద చెయ్యి వెయ్యకూడదు.

మూడోది రద్దీ. గుమాస్తా ఎక్కించే వేగం కన్నా బేరాల వేగం ఎక్కువైతే పని తెమలదు. 2015 నాటి వీస్ఫియర్ 6.0లో ఈ పద్ధతిని మెరుగుపరిచారు. అయినా జోరుగా నడిచే డేటాబేసుకి తక్కువ రద్దీ వేళ చూసుకోవడమే మేలు.

ఇక వరస. ముందు బ్యాకప్ జాబులు ఆపండి, లేకపోతే రాత్రికి ఇంకో డెల్టా చేరుతుంది. చివరి మంచి బ్యాకప్ నిజంగా తెరుచుకుంటుందో లేదో వేరేచోట రిస్టోర్ చేసి చూడండి. తాళం, చోటు సరిచేశాక "కన్సాలిడేట్" నొక్కండి. అప్పటికీ కాకపోతే కొత్తగా ఒక స్నాప్‌షాట్ తీసి "డిలీట్ ఆల్" చేస్తే చాలాసార్లు పాతవన్నీ కూడా కలిసిపోతాయి. 99 శాతం దగ్గర గంటలకొద్దీ నిలబడిపోవచ్చు, కంగారుపడి రీబూట్ చెయ్యకండి. గొలుసు తెగిందనో, సీఐడీ కుదరలేదనో తప్పు వస్తే ఫైళ్ళు తాకకుండా కంపెనీ సపోర్టుని పిలవండి.

క్లినిక్‌లో మూలకారణం తాళమే. ప్రాక్సీకి వేలాడుతున్న డిస్కుని విడదీసి, శనివారం రాత్రి కలపడం మొదలుపెడితే ఆదివారం తెల్లవారేసరికి పూర్తయింది. ఒక్క రికార్డు కూడా పోలేదు.

మళ్ళీ ఇలా కాకుండా ఉండాలంటే రెండు లెక్కలు గుర్తుంచుకోండి. ఏ స్నాప్‌షాటునీ 72 గంటలకి మించి ఉంచవద్దని వీఎంవేర్ వాళ్ళే చెప్తారు. గొలుసులో 32 వరకూ పడతాయి గానీ రెండు మూడు దాటకపోవడమే మంచిది. కన్సాలిడేషన్ హెచ్చరిక వస్తే ఈమెయిలు వచ్చేలా అలారం పెట్టుకోండి. హైపర్‌వీ వాడేవాళ్ళు స్నాప్‌షాట్ బదులు చెక్‌పాయింట్ అంటారు. పేరు మారినా ఈ చిట్టా లెక్క మారదు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట: స్నాప్‌షాట్ బ్యాకప్ కాదు. ఆవర్జా కాలిపోతే ఒక్క చిట్టాతో కొట్టు నడవదు. రేపు ఆఫీసుకి వెళ్ళగానే ఒక్క పది నిమిషాలు మీ ఫోల్డర్లలో ఆ 000001లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఉంటే ఈవేళే తీర్చెయ్యడం సులువు, నెల పోతే కష్టం.

సెలవు.