బాలల గ్రంథాలయంలో ఇంటి భాషకు చోటు

గ్రంథాలయంలోని బాలల విభాగాన్ని పుస్తకాల సంఖ్యను బట్టి కొలవడం మనకు అలవాటు. ఆ పుస్తకాలలో ఏ పిల్లల ఇళ్ళు కనిపించుచున్నవి, ఎవరివి కనిపించుట లేదు అన్న లెక్క అరుదుగా వేస్తాము. అమెరికాలో నాన్సీ లారిక్ అనే విద్యావేత్త 1965లో ఆ లెక్క వేశారు. అంతకుముందు మూడేళ్ళలో వెలువడిన 5,206 బాలల పుస్తకాలలో నల్లజాతి పాత్ర ఒక్కటైనా ఉన్నవి నూటికి ఏడు కూడా లేవని తేలినది. ఇందువల్ల నల్లజాతి పిల్లలకే కాదు, లోకమంతా తమవంటివారిదే అనుకొని పెరిగే తెల్లజాతి పిల్లలకు కూడా హాని అని ఆమె వాదించారు.

ఆ లెక్కను మన శ్రీకాకుళం, విజయనగరం సీమకు తెచ్చి చూద్దాము. ఇచ్ఛాపురం వైపు ఒడియా వినిపిస్తుంది. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన సీతంపేట, సాలూరు కొండలలో సవర, కొండ, కువి భాషలున్నవి. పట్టణాలలో ఉర్దూ కుటుంబాలు తరతరాలుగా ఉన్నవి. శ్రీకాకుళంలోని జామియా మసీదును గోల్కొండ ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లోనే కట్టించాడు. వీటిలో కొండ, కువి భాషలు తెలుగుకు జ్ఞాతులు. సవర మాత్రం ముండా కుటుంబానిది, సంతాలీకి బంధువు. కొండ దిగివచ్చిన సవర బాలునికి తెలుగు పుస్తకం పూర్తిగా పరభాషా గ్రంథమే.

ఈ సంగతిని అందరికన్న ముందు గ్రహించినది మన ప్రాంతీయుడే. శ్రీముఖలింగం సమీపాన పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవర భాష నేర్చుకొన్నారు. ఆ భాషలో పుస్తకాలు లేవు; కనుక తామే వాచకాలు, కథలు, పాటలు సమకూర్చారు, సవర పిల్లలకు సొంత ఖర్చుతో బడులు నడిపారు. మద్రాసు ప్రభుత్వం 1911లో ఆ పుస్తకాలను అచ్చువేసి పారితోషికం ఇవ్వబోగా, ఆ సొమ్ముతో బడి పెట్టించమని కోరారు. సవర వ్యాకరణం 1931లో వెలువడినది. వ్యావహారిక భాషోద్యమ నాయకునిగా ఆయనను ఏటా ఆగస్టు 29న స్మరిస్తాము. ఆ సభలలో సవర పుస్తకాల ప్రసక్తి తక్కువ. మా దృష్టిలో రెండూ ఒకే కృషి: పిల్లవాడు మాట్లాడే భాషకు పుస్తకంలో చోటు కల్పించుట.

తరువాత చాలాకాలానికి, 2004లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గిరిజన పాఠశాలలలో సవర, కొండ, కువి సహా ఎనిమిది భాషలలో బోధన ఆరంభించి, తెలుగు లిపిలో వాచకాలు తెచ్చినది. మంచి పని. కాని వాచకాన్ని ఉపాధ్యాయుడు చదివిస్తాడు. గ్రంథాలయ పుస్తకాన్ని పిల్లవాడు తానే ఎంచుకొంటాడు. ఎంచుకొనుటకు బీరువాలో ఏదో ఒకటి ఉండవలెను గదా!

"ముందు తెలుగు రానివ్వండి" అని తల్లిదండ్రులే అంటారు. వారి భయం నిరాధారమైనది కాదు. ఉద్యోగాలు ఆ భాషలలో లేవు. అయితే తెలిసిన మాటల మీద అక్షరాలు పట్టుబడిన పిల్లవానికి, లిపి ఒకటే కనుక, తెలుగు పుస్తకం తరువాత సులువవుతుంది.

ఉర్దూ సమస్య వేరు. ఇంట్లో ఉర్దూ మాట్లాడి బడిలో తెలుగు చదివే పిల్లలలో ఆ లిపి చదవలేనివారు ఎందరో. తెలుగు లిపిలో ఉర్దూ కథ అచ్చువేస్తే అసలు లిపి అంతరిస్తుందని కొందరు పెద్దల అభ్యంతరం. ఒకే పుస్తకంలో కుడి నుండి ఉర్దూ, ఎడమ నుండి తెలుగు సాగి నడుమ కలిసేటట్లు వేయవచ్చును. రెండు భాషల కళాశాల సంచికలకు ఈ పద్ధతి కొత్త కాదు. ఇతివృత్తం విషయంలో మరొక జాగ్రత్త: ముస్లిం బాలుడు రంజాన్ పాఠంలో మాత్రమే, సవర బాలుడు విల్లంబులతో మాత్రమే కనిపించరాదు. హైదరాబాదులో 1897లో జన్మించి రాష్ట్రపతి అయిన డాక్టర్ జాకిర్ హుసేన్ పిల్లలకు ఉర్దూలో వ్రాసిన ‘అబ్బూ ఖాన్ కీ బక్రీ’ ఒక మేక కథ. అటువంటివి తెలుగు పిల్లలకూ అందవలెను.

కాళీపట్నం రామారావుగారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం స్థాపించి తెలుగు కథలను ఒకచోట చేర్చారు. అవి అచ్చయినవి కనుక చేర్చగలిగారు. సవర అవ్వల, ఉర్దూ నానీమాల నోట నిలిచిన కథలను ముందు కాగితం మీద పెట్టవలసి ఉన్నది. కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం: వేసవి సెలవులలో ప్రతి విద్యార్థి తన ఇంటనో, స్నేహితుని ఇంటనో ఒక కథ విని, చెప్పినవారి భాషలోనే వ్రాసి, ప్రక్కన తెలుగు అర్థం చేర్చి తేవలెను. కాగితం, అచ్చు ఖర్చు కమిటీ భరించవలెను. ప్రతులు జిల్లా గ్రంథాలయ సంస్థకు, కొండ గ్రామాల బడులకు పంపవలెను. అచ్చుకు ఇచ్చేముందు ఆ కథను చెప్పిన అవ్వకే చదివి వినిపించి, ఆమె కాదన్నచోట దిద్దవలెను.