సి నుంచి ఎఫ్ దాకా

నలభై నాలుగో ఏట గిటార్ కొన్నానని చెప్పగానే మా మిత్రులు మూడు రకాలుగా స్పందించారు. మొదటి రకం వాళ్ళు "ఏం గురూ, రెండో యవ్వనమా?" అన్నారు. రెండో రకం వాళ్ళు "ఆ డబ్బుతో ట్రెడ్‌మిల్ కొనుక్కుంటే షుగరైనా తగ్గేది" అన్నారు. మూడో రకం వాళ్ళు అందరిముందూ ఏమీ అనలేదు. తర్వాత పక్కకి పిలిచి, గొంతు తగ్గించి, "ఎక్కడ కొన్నావు? కష్టమా? నాకూ ఎప్పట్నుంచో ఉంది" అన్నారు. ఈ వ్యాసం ఆ మూడో రకం వాళ్ళ కోసం.

నాకు ఈ సరదా ఇంటర్మీడియట్‌లో పుట్టింది. అడిగితే మా నాన్నగారు "ఎంసెట్ అయ్యాక చూద్దాం" అన్నారు. ఎంసెట్ అయ్యాక ఇంజనీరింగ్, ఇంజనీరింగ్ అయ్యాక ఉద్యోగం, ఆ తర్వాత సింగపూర్, ఇల్లు, పిల్ల. ఒక 'అయ్యాక'కి ఇంకో 'అయ్యాక' తగులుకుంటూ పాతికేళ్ళు గడిచిపోయాయి. పైగా సంగీతమంటే చిన్నప్పుడే పట్టుబడాలని మా ఊళ్ళో అందరికీ గట్టి నమ్మకం. రుజువు కూడా పక్కనే ఉండేది. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఆరేళ్ళకే వాళ్ళ నాన్నగారి మాండలిన్ పట్టుకున్నారు. 1978లో, తొమ్మిదేళ్ళ వయసులో, గుడివాడలో తొలి కచేరీ చేశారు. మాండలిన్ కూడా గిటార్ లాగే మెట్లున్న పాశ్చాత్య వాద్యమే. అలాంటి ఉదాహరణ కళ్ళముందు పెట్టుకుని, తొమ్మిదేళ్ళు ఎప్పుడో దాటిపోయినవాడు ఇంక ఏం మొదలుపెడతాడు?

అయినా ఒక శనివారం సిటీ హాల్ స్టేషన్‌లో దిగి పెనిన్సులా షాపింగ్ సెంటర్‌కి వెళ్ళాను. సింగపూర్‌లో గిటార్ అనగానే చాలామంది చెప్పే చోటు అదే. నన్ను చూడగానే దుకాణం కుర్రవాడు "మీ అబ్బాయికా?" అని అడిగాడు. అవునని అబద్ధమాడాను. నైలాన్ తీగల గిటార్ ఒకటి రెండువందల డాలర్ల పైచిలుకు పెట్టి కొని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను. కొత్తగా కొనేవాళ్ళకి ఒక్క మాట. తీగలు మెట్లకి మరీ ఎత్తుగా ఉంటే నొక్కడం నరకం. దుకాణంలోనే వాటిని కాస్త దించి ఇమ్మని అడగండి. చవక గిటార్ మీద చాలామంది మానేసేది సంగీతం రాక కాదు, తీగ వంగక.

ఇంటికి రాగానే ఇంజనీరు బుద్ధి కొద్దీ స్కేలు తెచ్చి మెట్లు కొలిచాను. ఈ భాగం నాకు చాలా ఇష్టం, కాస్త ఓపిక పట్టండి.

తీగ పొడవు సగం చేస్తే స్వరం సరిగ్గా ఒక స్థాయి పైకి వెళ్తుంది. అంటే మధ్య షడ్జమం తారాషడ్జమం అవుతుంది, కంపనాల సంఖ్య రెట్టింపవుతుంది. ఆ మధ్యలో మనకి పన్నెండు స్వరస్థానాలు. గిటార్‌లో ఈ పన్నెండిటినీ సమానమైన అంగల్లో పంచారు. ఏ సంఖ్యని పన్నెండుసార్లు తనతో తానే గుణిస్తే రెండు వస్తుందో, ఒక్కో మెట్టు దాటినప్పుడు స్వరం అన్ని రెట్లు పెరుగుతుంది. ఆ సంఖ్య సుమారు 1.0595. నా గిటార్ తీగ పొడవు 650 మిల్లీమీటర్లు. లెక్క ప్రకారం మొదటి మెట్టు మొదలు నుంచి 36.5 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి, పన్నెండోది సరిగ్గా సగంలో, 325 దగ్గర ఉండాలి. కొలిచి చూస్తే అలాగే ఉన్నాయి. మెట్లు కిందికి పోయేకొద్దీ దగ్గరవుతూ రావడం అందం కోసం కాదు, లెక్క కోసం.

మన వీణ మీద ఇరవైనాలుగు మెట్లుంటాయి, వాటిని మైనంలో చెవితో సరిచూసుకుంటూ కూరుస్తారు. వీణకి షడ్జమం ఒక్కచోటే ఉంటుంది కాబట్టి మిగతా స్వరాలని దానికి పొందికగా అమర్చుకోవచ్చు. గిటార్‌లో అలా కుదరదు. ఒక్క పాటలోనే సి కార్డ్, జి కార్డ్, ఎఫ్ కార్డ్ అంటూ ఆధారం మారిపోతూ ఉంటుంది. ఒకదానికి తియ్యగా అమర్చితే ఇంకోటి అపశ్రుతి అవుతుంది. అందుకని అందరికీ తలా కాస్త అన్యాయం చేసి సర్దారు. పంచమం 1.5 ఉండవలసింది 1.498 అయింది, అది చెవికి తెలియదు. అంతర గాంధారం 1.25 ఉండవలసింది 1.26 అయింది, అది శ్రద్ధగా వింటే తెలుస్తుంది. తంబురాకి అలవాటుపడిన మా అత్తగారు నా గిటార్ విని "ఎక్కడో కాస్త గీరుకుంటోంది అల్లుడుగారూ" అన్నారు. ఆవిడ చెవి అబద్ధం చెప్పలేదు. (నా వేళ్ళ వాటా కూడా అందులో ఉందనుకోండి.)

కార్డ్ అంటే ఏమిటని అడిగేవాళ్ళకి: సి స్వరాన్ని షడ్జమం అనుకుంటే, షడ్జమం, అంతర గాంధారం, పంచమం మూడూ ఒకేసారి మోగితే అది సి మేజర్. గాంధారాన్ని ఒక మెట్టు దించి సాధారణ గాంధారం చేస్తే అది సి మైనర్. ఒక్క మెట్టుతో పండగ ఇల్లు కాస్తా పెళ్ళికూతుర్ని పంపేసిన ఇల్లయిపోతుంది.

ఇదంతా నాకు ఒక్క సాయంత్రంలో అర్థమైపోయింది. ఇంకేముంది, నెలరోజుల్లో పాట వాయించేస్తాననుకున్నాను. తీరా గిటార్ చేతిలోకి తీసుకుంటే సి కార్డ్‌లో ఆరు తీగల్లో రెండు మోగాయి, మిగతావి దగ్గాయి.

మొదటి మూడు వారాలు వేలికొసల మంట. నాగలి పట్టినవాడికి అరచేతిలో కాయలు కాస్తాయి, గిటార్ పట్టినవాడికి ఎడంచేతి వేళ్ళ చివర కాస్తాయి. ఒక్కరోజు రెండు గంటలు కూర్చుంటే బొబ్బలు తప్ప ఏమీ రావు. రోజూ పదిహేను నిమిషాలు కూర్చుంటే నెలా రెండు నెలల్లో చర్మం గట్టిపడి మంట పోతుంది. అన్నట్టు, ఈ ఊళ్ళో గాలిలో తేమ ఏడాది పొడుగునా సగటున ఎనభై శాతం పైనే, గిటార్ చెక్కకేమో యాభై దగ్గర ఉంటే హాయి. ఎక్కువైతే చెక్క ఉబ్బుతుంది, ఉక్కు తీగలైతే తుప్పు పడతాయి. వాయించాక గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టండి. ఏసీ గాలి నేరుగా తగిలేచోట మాత్రం పెట్టకండి.

మంట తగ్గినా పాట రాలేదు. అప్పుడు మా పేట కమ్యూనిటీ క్లబ్‌లో ఆదివారం క్లాసులో చేరాను. ఎనిమిదిమందిమి, అందులో నలుగురు ప్రైమరీ స్కూలు పిల్లలు. నేర్పేది డెబ్భై అయిదేళ్ళు దాటిన చైనీయుల పెద్దాయన. అందరం అంకుల్ అంటాం. ఆయన కుర్రతనం నాటికి సింగపూర్ గిటార్ల మోతతో హోరెత్తిపోతుండేదట. 1961లో క్లిఫ్ రిచర్డ్, షాడోస్ బృందం ఇక్కడి హ్యాపీ వరల్డ్ స్టేడియంలో వాయించి వెళ్ళాక పేటపేటకీ ఒక బ్యాండ్ పుట్టింది. క్వీన్స్‌టౌన్ బడిపిల్లలు మొదలుపెట్టిన క్వెస్ట్స్ బృందం 1964లో షాంటీ అనే వాద్యగీతం విడుదల చేస్తే అది ఇక్కడి పాటల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. ఆ తర్వాత అలెక్స్ అభిషేగనాడన్ గారు 1970ల్లో టీవీలోనే గిటార్ పాఠాలు చెప్పారు. 1981లో నేషనల్ యూనివర్సిటీలో గిటార్ బృందం స్థాపించారు. 1988లో కల్చరల్ మెడాలియన్ అందుకున్నారు. మనం ఐటీ ఊరనుకునే ఈ ఊరికి ఇంత గిటార్ చరిత్ర ఉందని ఇరవై ఏళ్ళు ఇక్కడ ఉండి కూడా నాకు తెలియదు.

అంకుల్ నా వాయింపు విని ఒక్కటే అన్నాడు. "స్లో లా. టూ ఫాస్ట్." ఇంకా నెమ్మదిగా వాయించాను. "స్టిల్ టూ ఫాస్ట్." చివరికి ఒక్కో కార్డ్‌కి నాలుగు క్షణాలు తీసుకున్నాక "కెన్" అన్నాడు.

అప్పుడు మా పక్కింటి సంగీతం మాస్టారి ఇల్లు గుర్తొచ్చింది. పిల్లల చేత సరళీ వరసలు మూడు కాలాల్లో పాడించేవారు. ఒకటో కాలం నిలబడనిదే రెండో కాలంలోకి పోనిచ్చేవారు కాదు. అది చాదస్తమనుకునేవాడిని. చాదస్తం కాదు. చేతికి ఒప్పు, తప్పు అని వేరుగా తెలియవు, చేసినదే అలవాటవుతుంది. తొందరపడి తప్పుగా వందసార్లు వాయిస్తే ఆ తప్పునే వందసార్లు సాధన చేసినట్టు. నెమ్మదిగా తప్పు లేకుండా పదిసార్లు వాయించి పడుకుంటే, ఆ మిగతా పని నిద్రలో మెదడు చేసుకుంటుంది. పొద్దున్న లేచి పట్టుకుంటే నిన్న రానిది కాస్త వచ్చి ఉంటుంది. ఇది చాలాసార్లు గమనించాను. బుర్రకి అర్థం కావడం వేరు, చేతికి రావడం వేరు. రెండోది కొనుక్కోవడానికి రోజులే తప్ప తెలివితేటలు చెల్లవు.

సి, జి, ఏ మైనర్ మూడు నెలల్లో వచ్చాయి. నిమిషానికి ఎన్నిసార్లు సి నుంచి జికి మారగలనో ఎక్సెల్ షీటులో రాసుకునేవాడిని. మొదట్లో తొమ్మిది, ఆఖరికి నలభై. తర్వాత ఎఫ్ వచ్చింది. ఎఫ్‌లో చూపుడువేలు ఒక్కటే బద్దలా పడుకుని ఆరు తీగలనీ మొదటి మెట్టు దగ్గర నొక్కాలి. తీగ అక్కడే అన్నిటికన్నా బిర్రుగా ఉంటుంది. గిటార్ మానేసినవాళ్ళలో చాలామంది సమాధులు ఈ ఎఫ్ దగ్గరే ఉంటాయి. వేలిని నిటారుగా కాక కాస్త పక్కకి వాల్చాలని, బొటనవేలితో పిండకుండా మోచేతి బరువు వాడాలని అంకుల్ చెప్పాడు. అర్థమైంది. రాలేదు. రెండు నెలలైనా రాలేదు.

ఒక రాత్రి హాల్లో కూర్చుని ఆ ఎఫ్‌తో కుస్తీ పడుతుంటే మా అమ్మాయి గదిలోంచి వచ్చింది. పదిహేనేళ్ళు.

"నాన్నా, ఎలా పట్టుకోవాలో అర్థమైందా?"

"అయింది."

"మరి మళ్ళీ అదే తప్పు ఎందుకు చేస్తున్నావు?"

నేను జవాబు చెప్పలేదు. ఆ మాటలు నావి. తను ఆరేళ్ళప్పటి నుంచి పన్నెండేళ్ళ దాకా పియానో నేర్చుకుంది. రోజూ సాయంత్రం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని సరిగ్గా ఈ ప్రశ్నలే, ఇదే వరసలో అడిగేవాడిని. అయిదో గ్రేడు పరీక్ష పోయిన రోజున "నీకు తెలివి ఉంది, శ్రద్ధ లేదు" అన్నాను. మర్నాడు పియానో మూత వేసింది. మూడేళ్ళుగా దాని మీద ఆరేసిన బట్టలు మడతపెట్టి ఉంచుతున్నాం. అప్పట్లో నాకు ఏ వాద్యమూ ముట్టుకున్న అనుభవం లేదు. శ్రద్ధ లేదన్నది నిజం కాదని తెలుసుకోవడానికి నాకు అయిదు నెలలు, నాలుగు కాయలు పట్టాయి.

గిటార్ పక్కన పెట్టి, "ఆ రోజు నేనన్నది తప్పమ్మా. నీకు శ్రద్ధ లేక కాదు, నాకు తెలియక" అన్నాను.

తను కాసేపు ఊరుకుంది. సినిమాల్లోలా వచ్చి వాటేసుకోలేదు. పియానో మూతా తెరవలేదు. "ఆరూ ఒకేసారి ఎందుకు? ముందు కింది రెండు తీగలే నొక్కు. అవి మోగాక మూడోది" అంది. వెళ్ళిపోకుండా సోఫా చివర కూర్చుని, బల్ల మీద వేలితో తాళం వేయడం మొదలుపెట్టింది. చాలా నెమ్మదిగా.

ఇప్పుడు నా ఎఫ్ అయిదు తీగలు మోగుతోంది. ఆరోది ఇంకా దగ్గుతోంది. పియానో మీద బట్టలు మాత్రం నేనే తీసి లోపల సర్దేశాను. మూత తెరవమని మేమెవరం అడగలేదు, అడగం కూడా.