లోయ మునిగేలోపు

రామతీర్థంలో గురుభక్తులకొండ ఎక్కితే పాత ఇటుక గోడలు కనిపిస్తాయి. 20వ శతాబ్దం తొలినాళ్లలో అలెగ్జాండర్ రీ ఇక్కడి బౌద్ధ కట్టడాలను తవ్వి తీశాడు. గోడ ఉంటే ఇది పాత చోటని ఎవరైనా పోల్చుకుంటారు. ఇటుక కాల్చడం ఎరగని కాలపు మనుషుల సంగతి అలా కాదు. వాళ్ల గుడిసె మట్టి రంగులో చిన్న తేడాగా మాత్రమే మిగులుతుంది. గుంజ పాతిన గుంటలో గుంజ చివికిపోతుంది, ఆ ఖాళీలోకి వేరే మన్ను చేరుతుంది. పైమట్టిని మెల్లగా గీకుతూ పోతే గుండ్రటి మచ్చలు వరసగా తేలతాయి. ఆ వరసే గుడిసె. పొక్లెయిన్ ఒక్కసారి దిగితే ఇక అదేమీ ఉండదు.

ఆ మచ్చల కోసం తీరిగ్గా వెతకడానికి ఎవరూ డబ్బు పెట్టరు. నాగార్జునకొండలో పెట్టారు, లోయ మునిగిపోతుందని తేలింది కాబట్టి. 1926లో వెలుగులోకి వచ్చినప్పటి నుంచీ ఆ చోటుకి బౌద్ధక్షేత్రమనే పేరు. నాగార్జునసాగర్ డ్యాం ఖాయం కావడంతో కేంద్ర పురావస్తు శాఖ 1954లో ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పనిలోకి దిగి, 1960 దాకా లోయంతా గాలించింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసేనాటికే అక్కడ తవ్వకాలు సాగుతున్నాయి. స్తూపాలు, విహారాలతో పాటు పాతరాతియుగపు చేతిగొడ్డళ్లు, కొత్తరాతియుగపు నున్నటి గొడ్డళ్లు, ఇనుపయుగపు సమాధులు బయటపడ్డాయి. స్తూపాల కోసమే తవ్వి ఉంటే వీటిలో చాలావాటి మీద పార పడేదే కాదని నా నమ్మకం.

ఆ సమాధులు మన పల్లెల్లో రాక్షసగుళ్లనే కోవలోవి. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర దన్నానపేటలో పెద్ద బండ కప్పిన రాక్షసగుడి ఇప్పటికీ ఉంది. నాగార్జునకొండలో గుంత తీసి, ఎముకలూ కుండలూ పెట్టి, పూడ్చి, చుట్టూ గుండ్రాళ్లు వలయంగా పేర్చారు. ఆ ఇనుపయుగపు కుండల లోపలా మూతి దగ్గరా నలుపు, కిందంతా ఎరుపు. బోర్లించి కాల్చడం వల్ల ఈ రంగులు వచ్చాయని చాలామంది పండితులు చెబుతారు. గాలి ఆడని లోపలి వైపు పొగచూరి నల్లబడుతుంది. గాలి తగిలిన చోట మట్టిలోని ఇనుము ఎర్రబారుతుంది.

ఒక సమాధి రాళ్లను పైకి తెచ్చి, ఇప్పుడు దీవిగా మారిన కొండ మీద మళ్లీ పేర్చారు. రాళ్లనైతే మోయగలిగారు. మట్టి పొరలను మోయడం కుదరదు. ఏ పొరలో ఏ కుండ దొరికిందో చూడాలంటే అప్పుడు రాసుకున్న కొలతలు, గీసుకున్న పటాలు, తీసిన ఫొటోలే ఆధారం.