భూకంపము ముందుగా తెలియునా?

2024 డిసెంబరు 4వ తేదీ ఉదయము 7 గంటల 27 నిమిషములకు ములుగు ప్రాంతమున 5.3 తీవ్రతతో భూమి కంపించినది. వరంగల్లులోను జనులు ఇండ్లు విడిచి వీథులలోనికి వచ్చిరి. గోదావరి లోయ క్రింద ప్రాచీనమైన పగుళ్ళు కలవు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలము వద్ద కంపము వచ్చినదియు ఈ లోయలోనే.

కుక్కలు ముందే మొరిగినవనియు, బావినీరు కలకబారినదనియు పిదప చెప్పువారు పలువురు. కావచ్చును. కాని కుక్కలు మొరిగియు భూమి కదలని రాత్రుల నెవరు లెక్కించిరి?

చైనాలోని హైచెంగ్‌లో 1975 ఫిబ్రవరి 4న, వరుసగా వచ్చిన చిన్న కంపములను, బావుల నీటిలో మార్పులను, చలికాలమున పాములు బొరియలు వీడుటను గమనించి అధికారులు జనులను వెలుపలికి తరలించిరి. ఆ సాయంకాలమే 7.3 తీవ్రతగల కంపము వచ్చినది. ఎందరో బ్రతికిరి. శాస్త్రజ్ఞుల ఆశలు మిన్నంటినవి. మరుసటి సంవత్సరము జూలై 28న తాంగ్షాన్‌లో అట్టి చిన్న కంపములే లేవు. ప్రజలకు హెచ్చరికయు లేదు. సుమారు 2,40,000 మంది మరణించిరి.

హైచెంగును ముఖ్యముగా కాపాడినవి ఆ చిన్న కంపములే. అయితే అట్టివి పెక్కుసార్లు వాటంతటవే అణగిపోవును. ఏది ముందుసూచనయో పెద్దది వచ్చిన పిదపగాని తేలదు. జపానులో మ్రోగెడి హెచ్చరిక జోస్యము కాదు. కంపము పుట్టిన పిదప, వేగముగా వచ్చు తొలి తరంగమును యంత్రములు పట్టి, వినాశకరమైన రెండవ తరంగమునకు కొన్ని సెకండ్ల ముందు చెప్పునది. కనుక దినమును, ఘడియను పేర్కొను వదంతిని నమ్మవలసిన పని లేదు.

ములుగు జిల్లాలోని రామప్ప దేవాలయమును 1213లో నిర్మించిన శిల్పులు పునాది గుంటను ఇసుకతో నింపి, దానిపై గుడి నిలిపిరి.