కొండబాటలపై సైకిలు సవారి

స్త్రీ సైకిలు నెక్కుట మన దేశమున నిప్పుడు వింత గాదు. బడికి పోవు బాలికలును, పనికి పోవు యువతులును దానిని వాహనముగ వాడుకొనుచునే యున్నారు. కాని చదునైన బాట విడిచి, రాళ్లును చెట్లవేళ్లును గల కొండదారుల వెంట వేడుకకై సైకిలు త్రొక్కుట యనగనే మన యిండ్లలోని పెద్దలు ముక్కుపై వ్రేలు వేసికొందురు. నున్నని రోడ్డుండగా రాళ్లమీద పోవుట యెందుకని వారి ప్రశ్న. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమున తెలుగు కుటుంబము లనేకములు నివసించుచున్నవి. అచ్చటి కొండలు సైకిలు సవారికి ప్రసిద్ధములు. అట్టి చోట నున్న కూతురు మోచేతికి కట్టు కట్టుకొని టెలిఫోనులో కనబడినచో, ఇచ్చటి తల్లి గుండె ఝల్లుమనుట సహజము.

"ఏమే తల్లీ, నీకీ కొండల పిచ్చి యెక్కడ పట్టుకుందే?" అని తల్లి యడుగును.

"చిన్న దెబ్బేనమ్మా, నువ్వు కంగారు పడకు" అని కూతురు నవ్వును.

తల్లి భయము తప్పు గాదు. కూతురి వేడుకయు తప్పు గాదు. ఈ వ్యాసమున మేము చెప్పదలచిన దొక్కటే. ఈ విద్యలో పడుట యవమానము గాదు, దురదృష్టమును గాదు. దానికి కారణములు కలవు. కారణములున్న దానిని తగ్గించుకొనవచ్చును. ఆ కారణములను తల్లియు కూతురును గూడ నెఱిగియుండుట మంచిది.

ఈ క్రీడకు పుట్టినిల్లు

శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునుండి గోల్డెన్ గేట్ వారధి దాటి ఉత్తరముగ పోయినచో మారిన్ జిల్లా వచ్చును. అందు టమల్‌పాయిస్ పర్వతము సుమారు 2,570 అడుగుల యెత్తున సముద్రమునకు చేరువగ నున్నది. 1970 తరువాతి సంవత్సరములలో ఆ ప్రాంతపు యువతీయువకులు కొందఱు, 1930, 1940 నాటి పాత సైకిళ్లను సంపాదించి, వానిపై కొండ దిగుటను వేడుకగ చేసికొనిరి. ఆ సైకిళ్లకు లావుపాటి టైర్లును, బరువైన చట్రములును ఉండెడివి. వెనుకకు పెడలు త్రొక్కినచో వెనుకచక్రపు ఇరుసులోని బ్రేకు పట్టెడిది.

ఫేర్‌ఫాక్స్ అను చిన్న పట్టణము చెంత నొక మట్టిబాట కలదు. అది రమారమి రెండు మైళ్ల దూరములో 1,300 అడుగులు క్రిందికి దిగును. ఆ బాట దిగుసరికి బ్రేకులోని గ్రీజంతయు వేడికి కాగి పొగయై పోయెడిది. మరల నెక్కుటకు ముందు ఇరుసు విప్పి క్రొత్త గ్రీజు కూరవలసి వచ్చెడిది. అందుచేతనే ఆ బాటకు ‘రీప్యాక్’, అనగా మరల కూరుట, అను పేరు వచ్చినది. 1976 అక్టోబరు 21వ తేదీన అచ్చట తొలి పందెము జరిగినది. ఆ కాలపు పందెములలో గేరీ ఫిషర్ అనునాతడు 4 నిమిషముల 22 సెకనులలో ఆ బాట దిగి మేటి యనిపించుకొనెను.

పాత చట్రములు కొండదెబ్బలకు తాళజాలక విరుగుచుండెను. 1977లో జో బ్రీజ్ ఈ పనికే తగినట్లు క్రొత్త చట్రమును స్వయముగ తయారుచేసెను. 1979లో ఫిషరును, చార్లీ కెల్లీయు కలసి, టామ్ రిచీ కట్టిన చట్రములతో కొండసైకిళ్లు అమ్మ నారంభించిరి. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీవారి ‘స్టంప్‌జంపర్’ వచ్చిన పిదప ఇవి సామాన్యులకును అందుబాటులోనికి వచ్చినవి.

ఈ చరిత్రలో స్త్రీలు వెనుకబడి లేరు. వెండీ క్రాగ్ అను నామె ఆ తొలి బృందముతోపాటు కొండలెక్కుచు, వారి సవారీలకు ఛాయాచిత్రములు తీసినది. నేడు మనకా కాలపు రూపురేఖలు తెలియుచున్న వన్నచో అది చాలవఱకు ఆమె చలువయే. 1980లో ఈ క్రీడకొఱకు వెలువడిన తొలి పత్రికను స్థాపించినవారిలో డెనీస్ కరమాన్యో ఒకతె. జాకీ ఫీలన్ పందెములలో పెక్కు విజయములు పొందుటయే గాక, స్త్రీలకై ఒక సంఘమును స్థాపించి, దానికి కొండసైకిళ్ల తేనీటి సంఘమని నవ్వుతెప్పించు పేరు పెట్టినది. పురుషుల పరుగుపందెపు ధోరణికి జంకిన స్త్రీలు తమలో తాము నిదానముగ నేర్చుకొనుటకు, సవారి ముగిసిన పిదప తేనీరు త్రాగి ముచ్చటలాడుకొనుటకు అది తావైనది. ఇరుగుపొరుగు స్త్రీలు నలుగురు కలసినచో ఏ విద్యయైనను సులువగునని మన పాఠకురాండ్రకు వేఱుగ చెప్ప నక్కఱలేదు.

పడుట యేల కలుగును?

క్రొత్తగ నేర్చుకొను స్త్రీ కొండబాటపై పడుటకు కారణములు నాలుగైదు మాత్రమే. మొదటిది ముందుబ్రేకు. పల్లమున దిగునప్పుడు శరీరపు బరువు ముందుచక్రముపైకి ఒరుగును. ఆ సమయమున బెదరి ముందుబ్రేకును గట్టిగ బిగించినచో, చక్రము నిలిచిపోవును, మనిషి హ్యాండిలు మీదుగ ముందునకు పల్టీ కొట్టును. కావున రెండు బ్రేకులను ఒక్కొక్క వ్రేలితో మెల్లగ, ముందునుండియే నొక్కుచు రావలెను. మలుపు వచ్చినది గదా యని మలుపులో బ్రేకు వేయుట గాదు. మలుపునకు ముందే వేగము తగ్గించుకొనవలెను.

రెండవది చూపు. ఏ రాతిని చూచి భయపడుదుమో, చక్రము సరిగ ఆ రాతిమీదికే పోవును. చూపు పోయిన వైపే భుజములును, చేతులును తిరుగుటయే దీనికి కారణము. రాతిని గాక, రాతి ప్రక్కనున్న దారిని, అందును పది పదునైదు అడుగుల ముందటి దారిని చూడవలెను.

మూడవది బిగదీసికొనుట. సీటుపై కఱ్ఱవలె కూర్చున్నవారిని ప్రతి రాయియు ఎగురవేయును. దిగునప్పుడు సీటునుండి కొంచెము లేచి, మోచేతులు, మోకాళ్లు సడలించి, నడుము వెనుకకు జరపవలెను. రెండు పెడళ్లును నేలకు సమానమైన యెత్తున నుంచవలెను. ఒక పెడలు క్రిందికి వ్రేలాడుచున్నచో అది రాతికి తగిలి సైకిలును ప్రక్కకు విసరివేయును.

నాలుగవది నేల. ఎండిన గులకఱాళ్లు జారును. తడిసిన వేళ్లు అంతకంటెను జారును. వేళ్లమీద బ్రేకు వేయరాదు. వానిని అడ్డముగ, నిటారుగ దాటవలెను. టైర్లలో గాలి రోడ్డుసైకిలునందువలె గట్టిగ నింపక, కొంచెము మెత్తగ నుంచినచో టైరు నేలను బాగుగ పట్టుకొనును.

అయిదవది తెలియని దారి. ఇందులకు గొప్ప యుదాహరణ మొకటి కలదు. టోకియో ఒలింపిక్ క్రీడలలో 2021 జూలై 26వ తేదీన పురుషుల పోటీ జరిగెను. ఒక బండరాతి క్రింద అభ్యాసదినములలో ఉండిన వాలుపలక పోటీనాడు లేదు. అది యుండుననుకొనియే దిగిన నెదర్లాండ్సు వీరుడు మాత్యూ వాన్ డర్ పోల్ ముందునకు పల్టీ కొట్టి, పిదప పోటీనుండి తప్పుకొనవలసి వచ్చెను. అంతటివానికే దారి తెలియక కీడు కలిగినప్పుడు, క్రొత్తవారు ప్రతి కష్టమైన చోటను ముందుగ దిగి, కాలినడకన చూచి రావలెనని వేఱుగ చెప్పవలెనా? సైకిలు దిగి నడిపించుకొని పోవుట చిన్నతనము గాదు.

దెబ్బ తగిలినచో

పడక తప్పనప్పుడు చేయి చాచి నేల నాపబోవుట మనుష్యస్వభావము. మణికట్టును, మెడ క్రింది ఎముకయు ఎక్కువగ విరుగుట యిందువలననే. చేతులను ముడిచి దేహమును దొర్లనిచ్చుట మేలు. తలకు హెల్మెటు, చేతులకు గ్లవుజులు, మోకాళ్లకు మెత్తలు లేక కొండ యెక్కరాదు. గట్టి దెబ్బ తిన్న హెల్మెటు పైకి బాగుగనే కనబడినను దానిని మరల వాడరాదు.

గీరుకొనిపోయిన గాయమును ధారగ పడు శుభ్రమైన నీటితో కడిగి, మట్టియు ఇసుకయు పోవువఱకు శుభ్రపఱచి, మంచి గుడ్డతో కప్పవలెను. ధనుర్వాతపు టీకా వేసికొని చాల సంవత్సరములైనచో వైద్యు నడుగవలెను. బొటనవ్రేలి మొదట మణికట్టులో నొప్పి నిలిచియున్నచో వాపు లేదని ఊరకుండరాదు. అచ్చటి చిన్న యెముక విరుగుట మొదటి ఎక్స్‌రేలో కనబడకపోవచ్చును. తలకు దెబ్బ తగిలిన పిదప వాంతి, మగత, మాట తడబాటు, పెరుగుచున్న తలనొప్పి కలిగినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. హ్యాండిలు కొన పొట్టలో గుచ్చుకొనినప్పుడును అంతే. పైకి గాయము లేకున్నను లోపల ప్లీహమో, కాలేయమో దెబ్బతినియుండవచ్చును. నొప్పి కొన్ని గంటలకు గాని తెలియకపోవచ్చును.

స్విట్జర్లాండు వనిత యోలాండా నెఫ్ కథ ఈ సందర్భమున తలచుకొనదగినది. 2019 డిసెంబరులో అమెరికాలో అభ్యాసము చేయుచు ఆమె ఘోరముగ పడినది. ప్లీహము చిట్లినది, ఊపిరితిత్తి కొంత ముడుచుకొనినది, ప్రక్కటెముక విరిగినది. వైద్యమునకు లోబడి, నెలలు విశ్రమించి ఆమె మరల సైకిలెక్కినది. 2021 జూన్‌లో చేతియెముక విరిగినది. అయినను ఆ జూలై 27వ తేదీన టోకియోలో ఆమెయే స్వర్ణపతకము గెలుచుకొనినది. రజతమును, కాంస్యమును గూడ ఆమె దేశపు స్త్రీలకే దక్కినవి. ఈ కథను మేము సాహసమునకు ప్రోత్సాహముగ చెప్పుట లేదు. ఆమెను మరల నిలిపినది ధైర్య మొక్కటియే గాదు, తగిన సమయమున చేసిన వైద్యమును, ఓర్పుతో గడపిన విశ్రాంతియు గూడ.

గాయముకంటె పెద్దది

సైకిలు వచ్చిన తొలిదినములలో, 1890 ప్రాంతమున, పాశ్చాత్య వైద్యులు కొందఱు సైకిలు త్రొక్కు స్త్రీలకు మొగము బిగిసి వికారమగునని హెచ్చరించిరి. ‘సైకిలు మొగము’ అని దానికొక పేరును పెట్టిరి. అట్టి రోగము లేదని కాలమే తేల్చినది. ఆ దినములలోనే ఫ్రాన్సిస్ విల్లార్డ్ అను అమెరికా సంఘసేవకురాలు తన 53వ యేట సైకిలు నేర్చుకొని, ఎట్లు నేర్చుకొన్నదియు 1895లో ఒక చిన్న పుస్తకముగ ప్రకటించినది. సైకిలు మొగమును గూర్చిన భయము నాడు శరీరమును గుఱించినదిగా కనబడినను, దాని వేరు స్త్రీ యిల్లు విడిచి దూరము పోవుననుటయందే యుండెను.

మన యిండ్లలోను ఆ వేరు పూర్తిగ ఎండిపోలేదు. కొడుకు మోకాలు చెక్కుకొని వచ్చినచో "మగపిల్లవాడు గదా" యని నవ్వుదుము. కూతురు అదే మోకాలితో వచ్చినచో ఆనాటినుండి సైకిలు అటకెక్కును. మచ్చ పడినచో పెండ్లి కెట్లని యొకరు, ఆడపిల్లకిది యెందుకని యొకరు అందురు. ఇట్లు దాచుకొనవలసి వచ్చిన దెబ్బయే అపాయకరమైనది. తిట్లకు వెఱచి తలనొప్పిని చెప్పని పిల్ల, చెప్పిన పిల్లకంటె ఎక్కువ ప్రమాదములో నున్నదని తల్లులు గ్రహింతురు గాక.

కావున కొండకు పోవు కూతురిని వలదని చెప్పుటకంటె ఇట్లడుగుట మేలు: ఒంటరిగ పోవుచున్నావా, తోడున్నదా? ఏ బాటకు పోవుచున్నది, ఎన్ని గంటలకు తిరిగివచ్చునది ఎవరికైన చెప్పితివా? బ్రేకులు చూచుకొంటివా? నీరు, కట్టుగుడ్డ, ట్యూబు, పంపు సంచిలో నున్నవా? బాటపై నడచువారికిని, గుఱ్ఱములకును దారి యిచ్చుట, ఎక్కువారికి దిగువారు తొలగుట మఱవకుము. అలసిన పిదప చివరి పల్లమును తొందరపడి దిగకుము. ఇంటిధ్యాసలో పడినప్పుడే చెయ్యి పట్టు తప్పును.

ఇవి యడుగ నేర్చిన తల్లికి కూతురు దెబ్బలను దాచదు. దిగుట నేర్చుకొన్న కూతురికి దెబ్బలును తగ్గును. మన సోదరీమణులలో వయస్సు మీరినదని సంకోచించువారు సయితము ముందు చదునైన మట్టిబాటపై, పిదప చిన్న దిబ్బపై మొదలుపెట్టవచ్చును. 53 ఏండ్లకు విల్లార్డునకు సాధ్యమైన విద్య, ఓపికయు తోడును ఉన్నచో మనకును అసాధ్యము గాదు.